పదిహేడో ఎక్కం తొమ్మిది దగ్గరే ఆగింది!

ఆ రోజు మా అమ్మాయి కాలేజీ బస్సు దిగి నేరుగా ఇంటికి రాలేదు. సందు చివర కిరాణా కొట్టు దగ్గర అరగంట నిలబడిందట. కొట్టావిడ చూసి ఫోన్ చేస్తే నేనే వెళ్ళి తీసుకొచ్చా. ఇంట్లోకి అడుగు పెట్టగానే బ్యాగు అక్కడే పడేసి, ‘అమ్మా, సి పోయింది’ అంది.

బీటెక్ మొదటి సెమిస్టర్‌లో సి లాంగ్వేజ్ అనే సబ్జెక్టు. ఇంటర్‌లో 962 మార్కులు తెచ్చుకున్న పిల్ల. పుట్టి బుద్ధెరిగాక ‘ఫెయిల్’ అన్న మాట తన పేరు పక్కన చూసింది అదే మొదటిసారి. రాత్రి అన్నం తినలేదు. పదింటికి వచ్చి నా పక్కన కూర్చుని, ‘నాకు కంప్యూటర్ రాదమ్మా. కాలేజీ మానేసి డిగ్రీలో చేరిపోతా’ అంది. అప్పటికే ఫీజు కట్టేశాం. మావారు ఏమీ అనలేదు. లేచి వీధి అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు. అది తిట్టడం కన్నా ఎక్కువ బాధపెట్టింది దాన్ని.

మాది తెనాలి. మాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. పరీక్షల ముందు పిల్లలు ‘ఇంపార్టెంట్ ప్రోగ్రామ్స్’ అని రాసున్న కాగితాలు పట్టుకుని వస్తారు. ఏళ్ళ తరబడి వాటిని వందల కాపీలు తీసిచ్చింది నేనే. అందులో ఏముందో ఏనాడూ చదవలేదు. మా అమ్మాయీ అలాంటి నలభై ప్రోగ్రాములు బట్టీ పట్టింది. పరీక్షలో సరిసంఖ్యల మొత్తం కనుక్కోమని అడిగితే, బట్టీ పట్టిన ‘అంకెల మొత్తం’ ప్రోగ్రాం రాసి వచ్చింది. ప్రశ్న కొంచెం మారితే చేతులెత్తేసింది.

పిన్నీ, మీరూ కూర్చోండి

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మర్నాడు వాడికి ఫోన్ చేశా. మంచి ట్యూషన్ సెంటర్ ఏదన్నా చెబుతాడేమో అని. వాడు ట్యూషన్ ఊసే ఎత్తలేదు. ‘పిన్నీ, మీరు బీఎస్సీ మ్యాథ్స్ కదా. రోజూ ఒక గంట దాని పక్కన మీరూ కూర్చోండి. సి సంగతి తర్వాత. ముందు పైథాన్‌లో చిన్న చిన్న లెక్కలు చేయండి. నేను రోజుకి రెండు పంపిస్తా’ అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. 1999లో నా డిగ్రీ అయిపోయింది. వైటూకే గోల జోరుగా ఉన్న రోజులవి. నాతో చదివిన వాళ్ళలో ఇద్దరు అమీర్‌పేట వెళ్ళి కోర్సులు చేరారు. నేనూ వెళ్తానంటే మా నాన్న ‘పెళ్ళయ్యాక నేర్చుకుందువులే’ అన్నారు. పెళ్ళయి పాతికేళ్ళు. నలభై ఆరేళ్ళు వచ్చాయి. ఇప్పుడా? కానీ అమ్మాయి మొహం చూశాక కాదనలేకపోయా.

షాపులో బేరాలు తగ్గాక, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా. ప్రింట్లు తీసే పాత కంప్యూటరే మా బడి. పైథాన్ అంటే ఏదో కొండచిలువ కథ ఉంటుందనుకున్నా. అదేం కాదు. 1991లో దీన్ని బయటికి తెచ్చిన నెదర్లాండ్స్ ఆయన గైడో వాన్ రోసమ్‌కి ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ కామెడీ కార్యక్రమం ఇష్టమట. ఆ పేరే పెట్టేశారు. భయపడాల్సిన పేరు కాదన్నమాట!

మొదటి ప్రోగ్రాం అందరికీ తెలిసిందే, తెర మీద ‘హలో వరల్డ్’ అని వేయించడం. 1978లో కెర్నిగాన్, రిచీ రాసిన సి పుస్తకంతో ప్రపంచమంతా పాకిన ఆనవాయితీ అది. మేం మాత్రం ‘నమస్తే తెనాలి’ అని వేయించాం. తెర మీద తెలుగు అక్షరాలు కనపడగానే మా అమ్మాయి నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

ఇరవై, ముప్ఫై కలిపితే రెండు వేల ముప్ఫై

రెండో రోజు లెక్క: రెండు అంకెలు అడిగి, కలిపి చెప్పాలి. ఇంతేనా అనుకున్నా. నేనే టైపు చేశా. 20 ఇచ్చా, 30 ఇచ్చా. 2030 అంది!

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. విషయం ఏమిటంటే, కీబోర్డు మీద మనం ఏం కొట్టినా పైథాన్ దాన్ని ముందు అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాల్ని కలపమంటే పక్కపక్కన అతికిస్తుంది. ‘ఇది అంకె’ అని మనం విడిగా చెప్పాలి. గల్లాపెట్టె దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పినట్టే, ప్రతిదీ విడమరిచి చెప్పాలి. చెప్పనిది తనంతట తాను ఊహించుకోదు.

మూడో రోజు నాకే పెద్ద చిక్కొచ్చింది. ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని ఉంది. మ్యాథ్స్ చదివినదాన్ని, ఒప్పుకోలేకపోయా. రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే సున్నా ఒకటికి సమానం అవుతుంది! ఇదేం లెక్కరా అని మా వాడికి ఫోన్ చేస్తే, ‘అది సమానం గుర్తు కాదు పిన్నీ. కుడివైపు లెక్క చేసి, వచ్చింది ఎడమవైపు పేరున్న చోట పెట్టమని’ అన్నాడు. అప్పుడు వెలిగింది. గల్లాలో ఉన్నది తీసి, రూపాయి కలిపి, మళ్ళీ గల్లాలో పెట్టడం. రోజూ చేసే పనే. ఆ మాట చెప్పగానే మా అమ్మాయి, ‘ఇది సెమిస్టర్ అంతా నాకు అర్థం కాలేదమ్మా. అడిగితే నవ్వుతారని అడగలేదు’ అంది. ఆ ఒక్క మాటకి నా గుండె కలుక్కుమంది.

తర్వాత ఎక్కాలు. ఏ అంకె ఇస్తే దాని ఎక్కం వేయాలి. పదిహేడు ఇచ్చాం. గబగబా వచ్చేస్తోంది. పదిహేడు తొమ్ముల నూట యాభై మూడు... ఆగిపోయింది. పదో వరుస లేదు! ఒకటి నుంచి పది దాకా అని మేం చక్కగా రాశాం కదా? పైథాన్‌లో ‘రేంజ్’కి 1, 10 అని ఇస్తే 9 దగ్గరే ఆగుతుంది. చివరి అంకెని కలుపుకోదు. పది కావాలంటే పదకొండు ఇవ్వాలి. ఇలా ఒకటి ఎక్కువో, ఒకటి తక్కువో అవడం కొమ్ములు తిరిగిన వాళ్ళకీ జరుగుతుందట. ఆ రోజు నుంచి మా అమ్మాయి ప్రతి లెక్కలోనూ మొదటి వరుస, చివరి వరుస చేత్తో లెక్కేసి చూడటం అలవాటు చేసుకుంది.

ఎర్ర అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ఏదన్నా తప్పు రాస్తే తెర నిండా ఎర్రగా ఇంగ్లిషులో ఏదో వస్తుంది. అది చూడగానే మా అమ్మాయి కిటికీ మూసేసేది. మా వాడు గట్టిగా చెప్పాడు, ‘అవి తిట్లు కావే. ఏ లైన్లో తప్పుందో చెబుతున్నాయి. చివరి లైను చదువు చాలు’ అని. చదవడం మొదలుపెట్టాక తెలిసింది. చాలాసార్లు ఒక కొటేషన్ గుర్తో, బ్రాకెట్టో మర్చిపోవడమే.

ముగ్గు వస్తే సగం వచ్చినట్టే

లీపు సంవత్సరం లెక్క మాత్రం ఇద్దర్నీ ఓడించింది. నాలుగుతో భాగిస్తే శేషం సున్నా వస్తే లీపు, అంతేగా అని రాసేశాం. మా వాడు ‘1900 ఇచ్చి చూడండి’ అన్నాడు. లీపు అని చూపించింది. కానీ 1900 లీపు సంవత్సరం కాదు! 1582లో వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండర్ ప్రకారం వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు, అది నాలుగు వందలతో కూడా భాగించబడితే తప్ప. అందుకే 2000 లీపు, 1900 కాదు. విచిత్రం ఏమిటంటే, మనం రోజూ వాడే ఎక్సెల్ ఇప్పటికీ 1900ని లీపుగానే లెక్కేస్తుంది. అంతకు ముందున్న లోటస్ 1-2-3 అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ పొరపాటు ఉంది. దాని ఫైళ్ళతో పొసగాలని ఎక్సెల్‌లోనూ అలాగే ఉంచేశారు. ‘ఎక్సెల్‌లోనే ఉందటమ్మా’ అని మా అమ్మాయి ఎంత సంబరపడిందో!

పరీక్షలో అది పూర్తిగా వదిలేసిన ప్రశ్న ఇంకొకటుంది. నక్షత్రాల గుర్తులతో గోపురం ఆకారం వేయడం. మొదటి వరుసలో ఒకటి, రెండో వరుసలో రెండు, అలా ఐదు దాకా. లూపులో లూపు పెట్టాలి. ఆ మాట వింటేనే దానికి వణుకు. కాగితం మీద బొమ్మ చూడగానే నేను, ‘ఇది సందు చుక్క కదే!’ అన్నా.

సంక్రాంతి నెలంతా వాకిట్లో పెట్టేదే. ఐదు చుక్కలు, సందు చుక్క, ఒకటి వరకు. ఇక్కడ తలకిందులుగా ఉంది, అంతే. ముగ్గు పెట్టేటప్పుడు పై వరుసకి ఎంత జరిగి మొదలుపెట్టాలో మన చేతికి తెలుసు. కంప్యూటర్‌కి తెలీదు, చెప్పాలి. షాపు ముందు గచ్చు మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి, పక్కన అంకెలు వేయించా. వరుస ఒకటి: ఖాళీలు నాలుగు, చుక్క ఒకటి. వరుస రెండు: ఖాళీలు మూడు, చుక్కలు రెండు. మూడో వరుస రాస్తుండగానే అది అరిచింది, ‘ఖాళీలు అంటే ఐదులోంచి వరుస తీసెయ్యడమే!’ పది నిమిషాల్లో గోపురం తెర మీదకి వచ్చింది. ఎవరూ చెప్పకుండా దాని కింద తలకిందుల గోపురం కూడా వేసి, పూర్తి ముగ్గు చేసింది. బట్టీ పట్టిన నలభైలో అది లేదు. దాని సొంతం.

అప్పటి నుంచి మాకో పద్ధతి వచ్చింది. ఏ లెక్కయినా ముందు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకోవడం. ‘ఒక అంకె అడుగు. రెండుతో భాగించు. శేషం సున్నా అయితే సరిసంఖ్య అని చెప్పు, లేకపోతే బేసి అని చెప్పు’. ఇది రాయగలిగితే ప్రోగ్రాం అయిపోయినట్టే. మిగతాది దాని భాషలోకి మార్చడమే. తెలుగులో రాయలేకపోతే, ఏ భాషలోనూ రాయలేం.

రూపాయి వడ్డీ కాదు

ఇక అసలు కథ. ఒక రోజు లెక్క, అంకె పట్టుకునే ఆట. కంప్యూటర్ ఒకటి నుంచి వంద లోపు ఏదో అనుకుంటుంది. మనం చెబుతుంటే ‘ఎక్కువ’, ‘తక్కువ’ అంటుంది. యాభైతో మొదలుపెట్టి ప్రతిసారీ సగం చేసుకుంటూ పోతే ఏడు ప్రయత్నాల్లో ఎంతటి అంకెనైనా పట్టేయొచ్చు. పిల్లలాటే. కానీ అదే మా ఇంటిని ఒడ్డున పడేసింది.

అంతకు కొన్ని నెలల ముందు కొత్త జిరాక్స్ మిషన్ కోసం మావారు ఊళ్ళో ఒక ఫైనాన్స్‌లో లక్ష రూపాయలు తీసుకున్నారు. ఏడాదికి 12 శాతం. అంటే నూటికి రూపాయి వడ్డీ. ఈ రోజుల్లో రూపాయి వడ్డీకి ఎవరిస్తారు అని ఆయన మురిసిపోయారు. 24 వాయిదాలు, నెలకి 5,167 రూపాయలు. అమ్మాయి రెండో ఏడాది ఖర్చులకి అక్కడే ఇంకో లక్షన్నర తీసుకుందామని కాగితాలు కూడా తెచ్చారు.

మా అమ్మాయికి ఆ రోజు ‘వైల్’ లూపు మీద లెక్క కావాలి. ‘నాన్న అప్పు లెక్క వేద్దామా?’ అంది. తెలుగులో రాసుకున్నాం. ‘బాకీ లక్ష. ప్రతి నెలా బాకీ మీద నూటికి రూపాయి వడ్డీ కలుపు. 5,167 తీసెయ్యి. బాకీ ఉన్నంతకాలం ఇలాగే చెయ్యి. ఎన్ని నెలలు పట్టిందో చెప్పు’. ఆరు లైన్లు. నొక్కితే 22 అని వచ్చింది.

ఎక్కడో తప్పు చేశాం అనుకున్నాం. మళ్ళీ ఎక్కం లాగానే మొదటి నెల, చివరి నెల చేత్తో లెక్కేశాం. తప్పు లేదు. 21 వాయిదాలు కట్టాక మిగిలేది మూడు వేల చిల్లర. 22వ నెలలో అది కట్టేస్తే బాకీ తీరిపోవాలి. మరి 24 ఎందుకు కడుతున్నాం? నెలనెలా అసలు తగ్గుతున్నా, వాళ్ళు మాత్రం మొదటి రోజు లక్ష మీదే రెండేళ్ళకీ వడ్డీ కట్టారు. 24,000. దాన్నే ఫ్లాట్ వడ్డీ అంటారట. తగ్గే బాకీ మీద 12 శాతం అయితే నెలకి 4,707 కడితే చాలు. మొత్తం వడ్డీ 13,000 దాటదు.

మరి నిజంగా మేం కడుతున్న వడ్డీ ఎంత? దానికి సూత్రం నాకు తెలీదు. మా అమ్మాయే అంది, ‘అంకె ఆట ఆడదాం అమ్మా’. 12 శాతం అంటే ముందే తీరిపోతోంది, తక్కువ. 24 అంటే 24 నెలల తర్వాత ఇంకా మూడు వేల ఆరు వందల చిల్లర మిగులుతోంది, ఎక్కువ. 18 తక్కువ. 21 తక్కువ. 22.5 ఎక్కువ. అలా సగాలు చేసుకుంటూ పోతే 21.6 దగ్గర ఆగింది. రూపాయి వడ్డీ కాదు. రూపాయి ఎనభై పైసలు!

మావారు షట్టరు సగం దించి వచ్చి తెర వంక చూశారు. నమ్మలేదు. కాలిక్యులేటర్ తీసుకుని కాగితం మీద పది నెలలు తనే వేసుకున్నారు. తర్వాత సొరుగులోంచి ఆ కొత్త లోను కాగితాలు తీసి, మాట్లాడకుండా మడిచి పక్కన పెట్టారు. మర్నాడు ఫైనాన్స్‌కి వెళ్ళి అడిగితే, ‘ఫ్లాట్ అని కాగితంలో ఉంది కదండీ’ అన్నారు. నిజమే, ఉంది. సంతకం చేసింది మేమే. పాత అప్పు అలాగే కట్టుకుంటూ పోయాం. రెండో అప్పు మాత్రం చేయలేదు. బ్యాంకులో విద్యారుణం తీసుకున్నాం.

ఒక మాట. బ్యాంకులూ, రిజర్వ్ బ్యాంకు పరిధిలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలూ 2024 అక్టోబర్ నుంచి ఇచ్చే కొత్త వ్యక్తిగత, చిన్న వ్యాపార రుణాలకు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో ఒక కాగితం మీద చూపించాలి. దాన్ని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. అడిగి తీసుకోండి. ఊళ్ళో చేబదులు వడ్డీలకి అలాంటి కాగితం ఉండదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

మీరూ మొదలుపెట్టాలంటే...

• పైథాన్ ఉచితం. దాని సొంత వెబ్‌సైట్ నుంచి దించుకుంటే, టైపు చేసుకోవడానికి ఐడిల్ అనే కిటికీ దాంతోనే వస్తుంది. పాత కంప్యూటర్ అయినా ఈ లెక్కలకి చాలు.

• మేం చేసిన వరుస ఇది: పేరు అడిగి పలకరించడం, రెండు అంకెల కూడిక, సరి-బేసి, మూడింట్లో పెద్దది, ఎక్కం, ఒకటి నుంచి వంద దాకా మొత్తం, లీపు సంవత్సరం, ప్రధాన సంఖ్య, చుక్కల గోపురం, అంకె ఆట.

• రోజుకి రెండు చాలు. చూసి టైపు చేయొద్దు. చూడాల్సి వస్తే చూసి, మూసేసి, మళ్ళీ మొదటినుంచి రాయండి.

• జవాబు వచ్చిందని వదిలేయొద్దు. సున్నా ఇచ్చి చూడండి, మైనస్ ఇచ్చి చూడండి, 1900 ఇచ్చి చూడండి.

• తర్వాత మీ ఇంటి లెక్క ఒకటి పట్టుకోండి. చీటీ పాట, పాల ఖాతా, కరెంటు బిల్లు, ఏదైనా సరే. అప్పుడే ఇది మనదవుతుంది.

రెండు నెలల తర్వాత అవే లెక్కలు సిలో చేశాం. లెక్క అదే, ముస్తాబు ఎక్కువ. సెమీకోలన్ ఒకటి మర్చిపోతే ఆ తర్వాతి లైన్లో తప్పుందని చూపిస్తుంది, మనం పైన వెతుక్కోవాలి. సప్లీలో మా అమ్మాయి గట్టెక్కింది. మార్కులు గొప్పగా ఏం రాలేదు. కానీ పరీక్ష రాసి వచ్చి, ‘ఒక ప్రశ్న ఎప్పుడూ చూడలేదమ్మా. అయినా రాశా’ అంది. నాకు ఆ మాట చాలు. డిగ్రీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు దానికి నా అవసరం లేదు. అయినా ఎనిమిదింటికి కంప్యూటర్ దగ్గర కూర్చోవడం నేను మానలేదు. షాపులో ఏ రోజు ఎన్ని కాపీలు తీశామో, ఎంత కాగితం ఖర్చయిందో లెక్క చెప్పే ప్రోగ్రాం ఒకటి రాస్తున్నా. నిన్న రాత్రి నొక్కగానే తెర నిండా ఎర్ర అక్షరాలు. విసుగొచ్చి మూసేయబోయా. వెనక కుర్చీలో రికార్డు రాసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండానే అంది,

‘తిట్లు కాదమ్మా అవి. చివరి లైను చదువు.’